చికాగో గెలుస్తుందని రాసినవాడు

నార్బర్ట్ డెల్విష్ పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి. అతని నోటి నుంచి మాట రావాలంటే ముందు గొంతు సవరించుకోవాలి, తర్వాత టోపీ సర్దుకోవాలి. అప్పటికి ఎదుటివాడు వెళ్లిపోయి ఉంటాడు. అలాంటివాడు పదకొండేళ్లుగా డుమోన్ ఊరి వారపత్రికలో ‘ఐదుగురి మాట’కి రాస్తున్నాడు. ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల్లో ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో ఊరివాళ్లు ఐదుగురు ముందే రాసివ్వాలి. ఆ శీర్షిక వయసు ముప్పై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఐదుగురిలో ఒక్కడు కూడా మన జట్టు గ్రీన్ బే ఓడిపోతుందని రాయలేదు. ఓడిపోతుందని తెలిసిన వారాల్లో కూడా రాయలేదు.

నార్బర్ట్ రాశాడు. అదీ పాత పగవాళ్లు చికాగో చేతిలో. చీటీ సంపాదకురాలు కొరీన్ బల్ల మీద పెట్టి, ఆవిడ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకునేలోగా బయటికొచ్చి బండెక్కాడు. కిందటి వారం కథలో అతన్ని ఆ బండిలోనే వదిలాం.

గురువారం కృతజ్ఞతల పండుగ కావడంతో పత్రిక ఒక రోజు ముందే, బుధవారం వచ్చింది. పండుగ రోజు నార్బర్ట్ ఇంటి ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. ఏటా మధ్యాహ్నం మూడింటికి టర్కీ కోడి వంట ఎలా కుదిరిందో చెప్పడానికి పాత దోస్తు ఎల్రాయ్ జాడిన్ ఫోను చేస్తాడు. ఈసారి చెయ్యలేదు. నార్బర్ట్ ఫోను ఎత్తి చెవిదగ్గర పెట్టుకుని, పనిచేస్తోందని చూసుకుని, మళ్లీ పెట్టేశాడు.

శనివారం తెల్లవారి చర్చి వెనక పెరట్లో బూయా పులుసు కాగు పొయ్యి మీదికెక్కింది. పది కోళ్లు, ఒక దూడ తొడ, బస్తా బంగాళాదుంపలు, క్యాబేజీ, ఉల్లి, టమాటా, అన్నీ ఆ ఒక్క కాగులోనే ఉడకాలి. మధ్యాహ్నానికి ఊరంతా గిన్నెలూ బకెట్లూ పట్టుకుని వస్తారు. కాగుకి పెద్ద ఎల్రాయ్. పడవ తెడ్డంత పొడుగు తెడ్లు రెండుంటాయి. ఒకటి ఎల్రాయ్‌ది, ఒకటి నార్బర్ట్‌ది. ఇరవై ఆరేళ్లుగా అంతే. ఒకడు కుడికి తిప్పితే ఒకడు ఎడమకి తిప్పుతాడు. అడుగంటకుండా చూడటమే పని. మాట్లాడక్కర్లేని పని కాబట్టి నార్బర్ట్‌కి ఇష్టం.

నార్బర్ట్ వెళ్లేసరికి అతని తెడ్డు గోడకి ఆనించి లేదు. ఎల్రాయ్ చేతిలో ఒకటి ఉంది. రెండోది ఎల్రాయ్ చంకలో ఉంది.

“వచ్చావా?” అన్నాడు ఎల్రాయ్, కాగులోకే చూస్తూ. “నారింజ కోటు వేసుకునే వచ్చావే. చికాగో రంగు బాగానే నప్పింది.”

“జింకల వేట కోటురా ఇది. నువ్వు కూడా అదే వేసుకున్నావు.”

“నేను వేటకి వేసుకున్నాను.”

పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్న క్లీటస్ తాత కిసుక్కున నవ్వాడు. తొంభైకి రెండు తక్కువ. కాగు రుచి చూసే హక్కు ఆయనది. వేరే ఏ పనీ చెయ్యడు, కానీ అందరికంటే ముందే వస్తాడు. కోటు జేబులోంచి పత్రిక తీశాడు. నాలుగు మడతలు విప్పి, భూతద్దం పెట్టి, ఎవరూ అడక్కుండానే చదవడం మొదలుపెట్టాడు.

“నార్బర్ట్ డెల్విష్. ఈ ఏడు ఇప్పటిదాకా ఐదుగురిలో మొదటి స్థానం. హూఁ. మయామీ వాళ్లు బఫెలో వస్తున్నారు. గెలిచేది బఫెలో. నవంబరు చివర్లో మయామీ నుంచి ఎవరొచ్చినా చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. వేళ్లు పనిచెయ్యకపోతే బంతి జారుతుంది.”

“అది సరే,” అన్నాడు ఎల్రాయ్.

“క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్. పిట్స్‌బర్గ్, మూడు పాయింట్ల తేడాతో. రెండు జట్లలోనూ బంతి విసిరేవాడు కుంటుతున్నాడు. అలాంటప్పుడు ఎవరి దగ్గర మంచి తన్నేవాడుంటే వాళ్లదే ఆట.”

“అదీ సరే.”

“కాన్సాస్ సిటీ డెన్వర్ వెళ్తోంది. డెన్వర్. మిగతా నలుగురూ కాదంటారు. అది కొండ మీది ఊరు. ఆట ఆఖరి పావుకి బయటినుంచి వచ్చినవాళ్లకి ఊపిరి అందదు. నేనొకసారి ట్యాంకరు తీసుకెళ్లాను, నాకు తెలుసు.” తాత భూతద్దం దించి నార్బర్ట్ వైపు చూశాడు. “నువ్వు డెన్వర్ దాకా పాలు పోశావురా?”

“ఒకసారి.”

“ఇక అసలుది. చికాగో, గ్రీన్ బే. చికాగో.” తాత ఊపిరి తీసుకున్నాడు. “కారణం: ఇవ్వలేదు.”

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. ఎల్రాయ్ తిప్పడం ఆపాడు.

“మయామీ వేళ్లకి కారణం ఉంది,” అన్నాడు. “డెన్వర్ కొండకి కారణం ఉంది. మనవాళ్లు ఓడిపోవడానికి మాత్రం కారణం లేదు. ఉత్తినే ఓడిపోతారు. అంతేనారా?”

నార్బర్ట్ టోపీ సర్దుకున్నాడు.

“మన వాళ్ల కాళ్లు బాగాలేవా చెప్పు. గాలి ఎటు వీస్తోంది చెప్పు. ఏదో ఒకటి చెప్పు. నేను ఒప్పుకోను, కానీ వింటాను. బుధవారం నుంచి నన్ను కనిపించిన ప్రతివాడూ అడుగుతున్నాడు, నీ దోస్తుకి ఏమైందని. పెట్రోలు బంకులో అడిగారు. సిగ్గుతో టర్కీ కూడా సరిగ్గా తినలేదు. కారణం లేకుండా ఓడిస్తావా వాళ్లని? నలభై ఒక్క ఏళ్లు పక్కపక్కన కూర్చుని చూశాం కదరా ఆ ఆటని!”

అది నిజం. నార్బర్ట్ తండ్రి వదిలి వెళ్లిన సీజన్ టికెట్లు రెండు. స్టేడియంలో లోహపు బెంచీ మీద పక్కపక్కన రెండు అంకెలు. భార్య లూసిల్‌కి చలి పడదు కాబట్టి రెండోది మొదటి నుంచీ ఎల్రాయ్‌దే. ఎల్రాయ్ సొంత టికెట్ కోసం పేరు రాయించుకుని ముప్పై నాలుగేళ్లయింది. ఆ వరసలో ఇంకా ఎవరెవరు ముందున్నారో దేవుడికే తెలుసు.

“తెడ్డివ్వు,” అన్నాడు నార్బర్ట్.

“ఇవ్వను. చికాగో గెలుస్తుందని రాసినవాడు ఈ కాగు తిప్పడు. ఫాదర్‌ని అడుగు కావాలంటే.”

“ఫాదర్ ఏమన్నారు?”

“నవ్వారు. ఆయన అయోవా రాష్ట్రం నుంచి వచ్చారు, మన ఆట సంగతి ఆయనకేం తెలుస్తుంది?”

నార్బర్ట్ వెళ్లి కంచె పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్లలో ఈ పెరట్లో చేతులు ఖాళీగా ఉన్నది ఇదే మొదలు. చెప్పాలంటే చెప్పొచ్చు. మూడు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఆ మూడు ముక్కల వెనక నాలుగోది ఉంది, అది కోటు లోపలి జేబులో కవరులో ఉంది. మొదటిది బయటపడితే నాలుగోది కూడా బయటపడాలి. దానికే భయం.

అప్పుడే వంటశాల తలుపు తీసుకుని లూసిల్ వచ్చింది. రెండు చేతులా తరిగిన క్యారెట్ల బకెట్టు. పోయినేడు ఇదే రోజు ఆమె ఈ పెరటికి రాలేదు. అప్పటికి రెండు కిడ్నీలూ పోయి పది నెలలు. రోజుకి నీళ్లు కూడా కొలిచి తాగాల్సిన స్థితి. నార్బర్ట్ బూయా ఇంటికి తీసుకెళ్తే వాసన చూసి, చాలు అంది. ఇప్పుడు బకెట్టు మోస్తోంది. అది చూస్తూ నార్బర్ట్ ఒక్క క్షణం అన్నీ మర్చిపోయాడు.

లూసిల్ కాగు వైపు చూసింది, ఎల్రాయ్ చంకలో తెడ్డు చూసింది, కంచె దగ్గర మొగుణ్ని చూసింది. బకెట్టు కింద పెట్టింది.

“చెప్పలేదు కదూ నువ్వు?” అంది నార్బర్ట్‌తో.

“లేదు.”

“ఎవరికీ?”

“లేదు.”

“పెళ్లికి ఒప్పుకుంటావా అని అడగడానికి కూడా ఇతను రెండు వేసవులు తీసుకున్నాడు,” అంది లూసిల్ తాత వైపు తిరిగి. తర్వాత ఏప్రన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. “ఎల్రాయ్, పొయ్యి కొంచెం తగ్గించి ఇటు రా. నీకు వినిపించాలి.”

ఎల్రాయ్ రాలేదు. కాని చెవి ఇటు తిప్పాడు.

కిడ్నీ సంగతి ఊరంతటికీ తెలుసు. నార్బర్ట్‌ది లూసిల్‌కి సరిపోలేదు. అప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక దారి చెప్పారు. ఇంకో ఊళ్లో ఇలాంటివాళ్లే ఇద్దరున్నారు, అక్కకి ఇవ్వాలని ఉంది, తమ్ముడికి సరిపోదు. ఆ అక్కది లూసిల్‌కి సరిపోతుంది, నార్బర్ట్‌ది ఆ తమ్ముడికి సరిపోతుంది. మార్చి నెలలో ఒకే రోజు నలుగురినీ కోశారు. ఎవరిది ఎవరికి వెళ్లిందో పేర్లు చెప్పలేదు. ఊరికి తెలిసింది ఇంతవరకే. పది రోజుల కిందట ఆ అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

లూసిల్ చదివింది.

“‘నా పేరు ఒడెస్సా ప్రుయిట్. చికాగోలో స్కూలు బస్సు నడుపుతాను. వెర్నెల్ నా తమ్ముడు. పేర్లు తెలుసుకోవచ్చని ఆస్పత్రివాళ్లు చెప్పిన రోజు నుంచి వాడు కంప్యూటర్లో మీ ఊరి పత్రిక వెతుక్కుని మీ ఆయన రాసేది చదువుతున్నాడు. వారం వారం గ్రీన్ బే గెలుస్తుందని చదవడం, తిట్టుకోవడం. ఆకలేసి రెండు పూటలా తింటున్నాడు, తిట్టే ఓపిక కూడా వచ్చింది, అందుకు మీకు ఏమని రాయాలో నాకు తెలియదు. మాకేమీ వద్దు. మీరు ఇచ్చారు, మేం ఇచ్చాం. సరదాకి ఒకటి అంటాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చికాగో గెలుస్తుందని మీ ఆయన రాస్తే వాడు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటాడు. పట్టించుకోకండి, నవ్వుకోవడానికే రాశాను.’”

లూసిల్ కాగితం మడిచింది. “నేను నవ్వుకున్నాను. ఈయన వెళ్లి రాసిచ్చాడు.”

ఎల్రాయ్ చేతిలో తెడ్డు దానంతటదే ఒక చుట్టు తిరిగింది.

“అంటే,” అన్నాడు క్లీటస్ తాత మెల్లిగా, “లూసీ లోపల చికాగో ముక్క ఉందన్నమాట. మరి రేపు అది ఎవరికి చప్పట్లు కొడుతుందమ్మా?”

“నాకు,” అంది లూసిల్. “తొమ్మిది నెలల నుంచి రోజూ పొద్దున్నే కొడుతోంది. గ్లాసు నిండా నీళ్లు తాగుతున్నాను తాతా. నిండా.”

తాత భూతద్దం తుడుచుకున్నాడు.

ఎల్రాయ్ కాగు వదిలి కంచె దగ్గరికి వచ్చాడు. రెండు తెడ్లూ భుజం మీద ఉన్నాయి.

“ఇది చెప్పడానికి ఏం వచ్చిందిరా నీకు? పత్రికలో వద్దు, నాకు చెప్పొచ్చు కదా. దేవుడు నోరు ఎందుకిచ్చాడనుకున్నావు?”

“తిండికి.”

“తిండికీ తిన్నగా వాడవు.” ఎల్రాయ్ ముక్కు ఎగబీల్చాడు. చలి అనుకోమని పొయ్యి వైపు తల తిప్పాడు. “నీ కిడ్నీ చికాగో వాడిలో ఉందా?”

“ఉంది.”

“మార్చి నుంచీ చికాగో తరఫున పనిచేస్తోందన్నమాట. మరి ద్రోహం బుధవారం మొదలవలేదు, అప్పుడే మొదలైంది.” నవ్వబోయాడు, కుదరలేదు. “నిజం చెప్పు. చికాగో గెలుస్తుందనే అనుకుంటున్నావా?”

“లేదు. మనం పది పాయింట్లతో.”

“గాలి?”

“వాయవ్యం. మొదటి సగం మనకి అనుకూలం. వాళ్ల తన్నేవాడు దూరం నుంచి తన్నలేడు.”

“మరి నీ మొదటి స్థానం పోతుందిరా. ఈ ఏడు గెలిచేవాడివి.”

“పోనీ.”

ఎల్రాయ్ భుజం మీంచి ఒక తెడ్డు దించి నార్బర్ట్ చేతికిచ్చాడు. ఇద్దరూ కాగు దగ్గరికెళ్లారు. ఒకడు కుడికి, ఒకడు ఎడమకి. లూసిల్ క్యారెట్లు గుమ్మరించి లోపలికెళ్లింది. అడుగున అంటిన క్యాబేజీ తెడ్డుకి తగిలి పైకి తేలింది. నార్బర్ట్ చేతులకి వేడి తిరిగి వచ్చింది. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు. ఇక్కడితో ఆగిపోతే బాగుండనిపించింది.

“రేపు ఫ్లాస్కు నేను తెస్తాను,” అన్నాడు ఎల్రాయ్. “పెద్ద దుప్పటి కూడా. మంచు పడుతుందంటున్నారు. పదిన్నరకల్లా బయల్దేరదాం.”

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. ఈసారి ఎదుటివాడు వెళ్లిపోలేదు.

“ఎల్రాయ్.”

“ఊఁ.”

“లూసీని వారానికి మూడు రోజులు రక్తం శుద్ధి చేయించడానికి తీసుకెళ్లావు. పద్నాలుగు నెలలు. నేను ట్యాంకరు మీద ఉన్నాను.”

“అయితే?”

“నీ రక్తం కూడా ఇచ్చి చూపించుకున్నావు, కిడ్నీ ఇద్దామని. చక్కెర జబ్బుందని వద్దన్నారు. ఆస్పత్రి బయట నీ బండిలో కూర్చుని ఏడ్చావు. నేను కిటికీలోంచి చూశాను.”

“ఏడవలేదు. జలుబు.”

“నేను నీకెప్పుడూ చెప్పలేదు. థాంక్స్‌రా.”

ఎల్రాయ్ తెడ్డు ఆపి అతన్ని కిందికీ పైకీ చూశాడు. “నీకు ఒంట్లో బాగానే ఉందా? ఏడాదికి సరిపడా మాటలు ఒకేసారి మాట్లాడేశావు.” తర్వాత ముఖం మారింది. నార్బర్ట్‌ని నలభై ఏళ్లకి పైగా ఎరిగినవాడు. “ఇంకేదో ఉంది. చెప్పు.”

నార్బర్ట్ కోటు లోపలి జేబులోంచి కవరు తీశాడు. అందులో రెండు టికెట్లున్నాయి.

“ఒడెస్సాకి ఫోను చేశాను. నాలుగు నిమిషాలు మాట్లాడాను. వెర్నెల్ ఎప్పుడూ మన స్టేడియం చూడలేదట. వాళ్ల నాన్న తీసుకెళ్తానని చెప్పి చెప్పి పోయాడట. నేను రమ్మన్నాను. రేపు ఆటకి.” ఆగాడు. “నా పక్కన కూర్చోబెట్టుకుందామని. వాడు అరుస్తుంటే పక్కనుండి చూడాలని ఉంది. నాది వాడి లోపల ఉంది కదా. ఒక్కసారి.”

ఎల్రాయ్‌కి అర్థమవడానికి తెడ్డు ఒక చుట్టు తిరిగేంత సేపు పట్టింది.

“నా సీటు,” అన్నాడు.

“నీ సీటు.”

“చికాగో వాడికి. చికాగో ఆటకి.”

“ఊఁ.”

ఎల్రాయ్ కాగులోకి చూస్తూ నిలబడ్డాడు. ముఖానికి ఆవిరి కొడుతున్నా కదల్లేదు. క్లీటస్ తాత స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు, రుచి చూసే గరిటె చేతిలోనే ఉంది, ముంచడం మర్చిపోయాడు.

“నలభై ఒక్క ఏళ్లు,” అన్నాడు ఎల్రాయ్ చివరికి. “మా అమ్మ చనిపోయిన ఆదివారం కూడా నన్ను ఆ సీట్లోనే కూర్చోబెట్టావు నువ్వు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని.”

వద్దులే అనే మాట నార్బర్ట్ నాలుక మీదికి వచ్చింది. నోరు తెరిచాడు.

చర్చి పక్క దారిలో కంకర నలిగిన చప్పుడైంది. నీలం రంగు కారు ఒకటి మలుపు తిరిగి పెరటి గేటు ముందు ఆగింది. నంబరు ప్లేటు చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రానిది. రేపు పొద్దున రావాల్సినవాళ్లు, మంచుకి భయపడి ఈ రోజే బయల్దేరినట్టున్నారు. స్టీరింగు దగ్గర దిట్టమైన ఆడమనిషి, మెడచుట్టూ మఫ్లరు. ఇవతలి తలుపు తీసుకుని సన్నటి పొడుగాటి మనిషి ఒకడు దిగాడు. తల మీద ముదురు నీలం ఊలు టోపీ, దాని మీద నారింజ అక్షరం. ఆ పెరట్లో ఆ టోపీ ఎన్నడూ అడుగు పెట్టలేదు. కుడి చేతిలో పత్రిక ముక్క, నాలుగు పక్కలా కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించింది. ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద వేసుకున్నాడు. నెప్పికి కాదు, జేబులో విలువైనదేదో ఉన్నప్పుడు పైనుంచి తడిమి చూసుకుంటామే, అలాగ.

అతను గేటు దాటి నాలుగడుగులు వేసి, కాగు చుట్టూ ఉన్న నారింజ కోట్లని ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. ఎవరు ఎవరో తెలియడం లేదు.

“మీలో నార్బర్ట్ గారు ఎవరండీ?”

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. టోపీ మీదికి చెయ్యి వెళ్లింది.

ఈలోగా ఎల్రాయ్ తెడ్డు గోడకి ఆనించాడు. రెండు చేతులూ కోటుకి తుడుచుకున్నాడు. నార్బర్ట్ వైపు ఒక్కసారి కూడా చూడకుండా ముందుకి నడిచి ఆ చికాగో మనిషి ఎదుట నిలబడ్డాడు.

“నేనే,” అన్నాడు.